కృష్ణా డెల్టాలో ఎంబీఏ: ప్రవేశం, చదువు

నిర్వచనం, పరిధి

ఎంబీఏ అనేది వ్యాపార నిర్వహణలో స్నాతకోత్తర పట్టా. పూర్తికాలపు కోర్సు సాధారణంగా రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు సాగుతుంది. చరిత్ర చదివినవారు, బీటెక్ ముగించినవారు, బీకాం పట్టభద్రులు ఒకే తరగతిలో చేరి మొదటి నుంచి మొదలుపెట్టడం దీని ముఖ్య లక్షణం. ఎంకాం వాణిజ్యశాస్త్రంలో అప్పటికే ఉన్న పునాది మీద కట్టే చదువు. ఎంబీఏకు అలాంటి పునాది షరతు లేదు. ఇదే పాఠ్యక్రమాన్ని స్వతంత్ర సంస్థలు డిప్లొమాగా ఇస్తే దాన్ని పీజీడీఎం అంటారు. 2017 నాటి చట్టం 2018 జనవరి 31న అమల్లోకి వచ్చేవరకు ఐఐఎంలు సైతం డిప్లొమాలే ఇచ్చేవి.

ఈ వ్యాసం పరిధి విజయవాడ, ప్రకాశం బ్యారేజికి ఇరువైపులా కాలువల కింద విస్తరించిన కృష్ణా డెల్టా. 2022 ఏప్రిల్ నాటి జిల్లాల పునర్విభజన తరువాత ఈ ప్రాంతం ప్రధానంగా ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు, గుంటూరు, బాపట్ల జిల్లాల్లోకి వస్తుంది. ఇక్కడి ఎంబీఏను అర్థం చేసుకోవడానికి ఒక విభజన అవసరం. ప్రవేశ పరీక్ష ఉన్న సీట్లను వరుసక్రమంలో పంచుతుంది గాని, నిర్వాహకుడు కాగల వ్యక్తిని ఏరి తీయదు. అందువల్ల ఈ పట్టా విలువ ప్రవేశ ద్వారం దగ్గర కాక, రెండేళ్ల చదువు లోపల తేలుతుంది. ప్రవేశ నిబంధనలు, పరీక్ష గణాంకాలు, పాఠ్యక్రమం, స్థానిక వ్యాపార స్వరూపం దీనికి ఆధారాలు.

చరిత్ర

ఎంబీఏ పట్టాను 1908లో మొదలైన హార్వర్డ్ బిజినెస్ స్కూలు ప్రారంభించింది. భారతదేశంలో కలకత్తా, అహ్మదాబాదు ఐఐఎంలు 1961లో ఏర్పడ్డాయి. అంతకు నాలుగేళ్ల ముందే, 1957లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం పూర్తికాలపు ఎంబీఏ ప్రారంభించింది. దేశంలో ఈ కోర్సును తొలిగా చేపట్టిన విశ్వవిద్యాలయాల్లో అది ఒకటి. ఆ విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది బెజవాడ (నేటి విజయవాడ) లోనే. 1930లో వాల్తేరుకు తరలింది. ఆ తరలింపుతో డెల్టాలో స్నాతకోత్తర విద్య చాలాకాలం వెనకబడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1967లో గుంటూరులో స్నాతకోత్తర కేంద్రం తెరిచింది. దాని కొనసాగింపుగా 1976లో విజయవాడ, గుంటూరు నగరాల నడుమ నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2004 నుంచి దాని పేరు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం. 2008లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా విశ్వవిద్యాలయం, అదే ఏడాది కాకినాడ జేఎన్‌టీయూ ప్రత్యేక విశ్వవిద్యాలయంగా వచ్చాయి.

వ్యాపార నిర్వహణ మాత్రం ఈ నేలకు పట్టాతో రాలేదు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారడంతో వరి మిగులు పెరిగింది. మిల్లు, టోకు వర్తకం, అప్పు, రవాణా దాని చుట్టూ అల్లుకున్నాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పారు. ఉయ్యూరులో కేసీపీ చక్కెర కర్మాగారం, విజయవాడలో కృష్ణా జిల్లా పాల ఉత్పత్తిదారుల సమాఖ్య, ఆటోనగర్ తరువాత వచ్చాయి. ఈ సంస్థలను నడిపిన తొలి తరాల్లో ఎక్కువమంది పద్దు రాయడం, సరుకు పట్టడం, బాకీ వసూలు చేయడం గల్లాపెట్టె పక్కన కూర్చునే నేర్చుకున్నారు. ఎంబీఏ ఇక్కడికి ఖాళీ పలక మీదికి రాలేదని, అప్పటికే నడుస్తున్న అనుభవ విద్య పక్కన వచ్చి నిలబడిందని ఈ చరిత్ర చెబుతుంది.

సంస్థల రకాలు

ప్రాంతంలోని సంస్థలను నాలుగు తరగతులుగా విభజించవచ్చు. మొదటిది విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లోని విభాగాలు. ఫీజు తక్కువ, సీట్లు తక్కువ. రెండవది డిగ్రీ కళాశాలల్లోని స్నాతకోత్తర విభాగాలు. సిద్ధార్థ అకాడమీ ఆధ్వర్యంలో 1975లో మొదలైన పర్వతనేని బ్రహ్మయ్య సిద్ధార్థ కళాశాల వీటికి ఉదాహరణ. మూడవది ఇంజనీరింగ్ కళాశాలల్లోని ఎంబీఏ విభాగాలు. మైలవరంలోని లకిరెడ్డి బాలిరెడ్డి కళాశాల, గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కళాశాల ఈ కోవలోనివి. రెండూ 1998లో ప్రారంభమయ్యాయి. నాలుగవది డీమ్డ్, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు. వడ్డేశ్వరంలోని కేఎల్, వడ్లమూడిలోని విజ్ఞాన్, 2017లో అమరావతి ప్రాంతానికి వచ్చిన ఎస్‌ఆర్‌ఎం, విట్ ఈ వర్గానికి చెందుతాయి. దూరవిద్యలో నాగార్జున విశ్వవిద్యాలయ కేంద్రం, విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉన్న ఇగ్నో పనిచేస్తున్నాయి.

వీటిలో ఇంజనీరింగ్ కళాశాలల పాత్ర గమనించదగినది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి అనుమతి వ్యవస్థ కింద ఒకే ప్రాంగణంలో బీటెక్, ఎంబీఏ, ఎంసీఏ నడపడం సాధ్యమైంది. భవనం, గ్రంథాలయం, కంప్యూటర్ ప్రయోగశాల ఉమ్మడిగా వాడుకోగలగడంతో పట్టణాలకే కాక మండల కేంద్రాలకు కూడా ఎంబీఏ చేరింది. అందుబాటు పెరిగింది. దానితోపాటు వ్యాపార కేంద్రానికి దూరంగా, పొలాల మధ్య ప్రాంగణాల్లో వ్యాపార విద్య సాగే పరిస్థితి కూడా ఏర్పడింది.

ప్రవేశ విధానం

రాష్ట్రంలో ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాలకు ప్రధాన ద్వారం ఐసెట్. ఉన్నత విద్యామండలి తరఫున ఏటా ఏదో ఒక విశ్వవిద్యాలయం దీన్ని నిర్వహిస్తుంది. 2024లో శ్రీకృష్ణదేవరాయ, 2025లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ బాధ్యత వహించాయి. డిగ్రీలో 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 45 శాతం మార్కులు అర్హత. పరీక్ష రెండున్నర గంటలు, 200 ప్రశ్నలు, 200 మార్కులు. విశ్లేషణ సామర్థ్యం, గణిత సామర్థ్యం, భాషా వ్యవహార సామర్థ్యం అనే మూడు భాగాలుంటాయి. మొదటి రెండూ ఇంగ్లీషు, తెలుగు భాషల్లో, మూడవది ఇంగ్లీషులో మాత్రమే ఉంటుంది. తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. 25 శాతం, అంటే 50 మార్కులు వస్తే ర్యాంకు ఇస్తారు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు.

ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్ మొదలవుతుంది. రుసుము చెల్లింపు, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్ల నమోదు, సీటు కేటాయింపు, కళాశాలలో రిపోర్టు చేయడం దాని దశలు. ప్రైవేటు కళాశాలల్లో సాధారణంగా 70 శాతం సీట్లు ఈ కౌన్సెలింగ్ ద్వారా నిండే కన్వీనరు కోటా, 30 శాతం యాజమాన్య కోటా. కన్వీనరు సీట్లలో 85 శాతం స్థానికులకు కేటాయిస్తారు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దీనికి మూలం. కృష్ణా, గుంటూరు ప్రాంతాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిగా లెక్కకు వస్తాయి. నిర్ణీత కాలంపాటు ఆ పరిధిలో చదివినవారు లేదా నివసించినవారు స్థానికులు. ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీలకు 29 శాతం రిజర్వేషన్లు, ప్రతి వర్గంలో మహిళలకు మూడోవంతు సీట్లు ఉన్నాయి. డీమ్డ్, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఎక్కువగా సొంత పరీక్షల ద్వారా, లేదా క్యాట్, మ్యాట్, సీమ్యాట్ వంటి పరీక్షల స్కోరుతో చేర్చుకుంటాయి.

ఈ నిబంధనల వెనక ఒక సుదీర్ఘ వివాదం ఉంది. డొనేషన్ల వసూళ్లను అరికట్టడానికి ఆంధ్రప్రదేశ్ 1983లో క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం తెచ్చింది. ఈ రాష్ట్రం పేరుతోనే నడిచిన ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 1993లో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల సీట్లను, ఫీజులను క్రమబద్ధం చేసింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్, 2005లో ఇనామ్‌దార్ తీర్పులు యాజమాన్యాలకు కొంత స్వేచ్ఛ ఇచ్చాయి. క్యాపిటేషన్ ఫీజు మీద నిషేధం మాత్రం నిలిచింది. ఉమ్మడి పరీక్ష, ర్యాంకు, కన్వీనరు అనే మూడు ఏర్పాట్లను ఈ నేపథ్యంలో చూడాలి. ప్రతిభను కొలవడం కంటే, సీటు అమ్ముడుపోకుండా చూడడం వాటి మీద పడిన మొదటి బాధ్యత.

ర్యాంకు ఏమి చెబుతుంది

2024 ఐసెట్‌కు 44,447 మంది హాజరుకాగా 42,984 మంది అర్హత పొందారు, అది 96.71 శాతం. 2025లో 34,131 మందిలో 32,719 మంది, అంటే 95.86 శాతం అర్హులయ్యారు. ఈ లెక్కల్లో ఎంసీఏ కోరేవారు కూడా ఉన్నారు. ప్రతి వంద మందిలో తొంభై ఆరుగురిని లోపలికి పంపే పరీక్షను వడపోత అనలేం. ప్రశ్నపత్రం నిర్మాణం కూడా అదే సూచిస్తుంది. నాలుగేసి సమాధానాల్లో ఒకటి గుర్తించే పరీక్షలో, తప్పుకు కోత లేనప్పుడు, ప్రశ్న చదవకుండా గుర్తించినా సగటున నాలుగోవంతు మార్కులు వస్తాయి. అర్హత గీత సరిగ్గా అక్కడే ఉంది. అంటే ఆ గీత ఎవరినీ ఆపడానికి గీసినది కాదు. 200వ ర్యాంకుకు, 20,000వ ర్యాంకుకు మధ్య ఎవరు ముందు ఆప్షను పొందాలో తేల్చడమే ఐసెట్ పని.

క్యాట్‌తో పోలిస్తే తేడా మరింత తేటపడుతుంది. 2024లో క్యాట్ రాసినవారు సుమారు 2.93 లక్షలు. ఐఐఎంలు ఆ స్కోరును పిలుపు ఇవ్వడానికి వాడి, తరువాత ఇంటర్వ్యూ, విద్యా నేపథ్యం, ఉద్యోగానుభవం కలిపి ఎంపిక చేస్తాయి. అమెరికా విశ్వవిద్యాలయాలు జీమ్యాట్ లేదా జీఆర్ఈ స్కోరుతోపాటు వ్యాసాలు, సిఫారసు లేఖలు, పని అనుభవం అడుగుతాయి. ఐసెట్ మార్గంలో ఇవేవీ లేవు. ఫలితంగా డెల్టాలో ఎంబీఏ తరగతి ప్రధానంగా డిగ్రీ ముగించి నేరుగా వచ్చినవారితో నిండుతుంది. ఒక్కరోజు కూడా జీతానికి పనిచేయని విద్యార్థికి సిబ్బంది నిర్వహణ, నగదు ప్రవాహం, గిరాకీ అంచనా బోధించాలి. ప్రవేశం అడగని అనుభవాన్ని కోర్సు సమకూర్చుకోవలసి ఉంటుంది.

పాఠ్యక్రమం, బోధన

మొదటి ఏడాది అందరికీ ఉమ్మడి. నిర్వహణ సూత్రాలు, సంస్థల్లో ప్రవర్తన, నిర్వాహక ఆర్థికశాస్త్రం, అకౌంటింగ్, గణాంక పద్ధతులు, వ్యాపార వాతావరణం మొదట వస్తాయి. తరువాత మార్కెటింగ్, ఫైనాన్స్, మానవ వనరులు, ఉత్పత్తి నిర్వహణ, పరిశోధన పద్ధతులు చేరతాయి. రెండో ఏడాది విద్యార్థి ఒకటి లేదా రెండు ప్రత్యేకాంశాలు ఎంచుకుంటాడు. ఫైనాన్స్, మార్కెటింగ్, హెచ్ఆర్ పాత ఎంపికలు. డేటా విశ్లేషణ ఇటీవలిది. అంతర్గత మార్కులు, సెమిస్టర్ చివరి పరీక్ష, సెమినార్లు, వేసవి ఇంటర్న్‌షిప్, చివర ప్రాజెక్టు నివేదిక, వైవా మూల్యాంకనంలో భాగాలు.

ఈ నిర్మాణంలో అనుభవానికి చోటు ఇచ్చేవి ప్రధానంగా ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు. కళాశాలల మధ్య అసలు తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. పాఠ్యాంశాలు ఒక విశ్వవిద్యాలయం పరిధిలో దాదాపు ఒకటే, పుస్తకాలు ఒకటే, సెమిస్టర్ పరీక్ష ఒకటే. ప్రాజెక్టు మాత్రం ఒక సంస్థలో కూర్చుని లెక్కలు సేకరించి రాసినదైతే చదువు అవుతుంది. పాత నివేదికలో పేరు, ఏడాది మార్చినదైతే కాగితం అవుతుంది. వైవాలో అంకెల మూలం అడిగే పరీక్షకుడి ముందు ఈ రెంటికీ తేడా బయటపడుతుంది.

భాష మరో అంశం. బోధన, పరీక్ష ఇంగ్లీషులో సాగుతాయి. రాష్ట్రంలో డిగ్రీ కోర్సులను 2021–22 నుంచి ఇంగ్లీషు మాధ్యమానికి మార్చినా, పాఠశాల నుంచి తెలుగులో చదివినవారికి మొదటి సెమిస్టరు బరువుగానే ఉంటుంది. బేరం, బాకీ, వాటా, నమ్మకం గురించి తెలుగులో సునాయాసంగా వాదించగల విద్యార్థి, అదే విషయాన్ని కేసు చర్చగా ఇంగ్లీషులో పెట్టినప్పుడు మౌనంగా ఉండిపోవచ్చు. ఆ మౌనాన్ని అవగాహన లేమిగా లెక్కిస్తే మూల్యాంకనం తప్పుతుంది.

స్థానిక వ్యాపారం, ప్రయోగశాలగా

సైన్సు కోర్సుకు ప్రయోగశాల ఎలాంటిదో ఎంబీఏకు చుట్టుపక్కల వ్యాపారం అలాంటిది. నున్న మామిడి మార్కెట్లో ధర కొద్ది వారాల కాలంలో ఎలా మారుతుందో పరిశీలిస్తే పాడయ్యే సరుకు నిర్వహణ అర్థమవుతుంది. కైకలూరు పరిసరాల చేపల చెరువుల్లో మేత అప్పు, పట్టుబడి, ఐసు, లారీ రవాణా కలిసి ఒక సరఫరా గొలుసు. ఆటోనగర్‌లో బాడీ బిల్డింగు, విడిభాగాలు, మరమ్మతు చిన్న చిన్న షెడ్లలో పక్కపక్కన జరగడం పారిశ్రామిక సమూహాల పాఠానికి నమూనా. గొల్లపూడి టోకు మార్కెట్, వన్‌టౌన్ వస్త్ర వ్యాపారం అరువు కాలపరిమితిని, సరుకు నిల్వను చూపుతాయి. పాల సమాఖ్య సభ్యులే యజమానులైన సంస్థ నిర్వహణను, మచిలీపట్నం రోల్డ్‌గోల్డు పరిశ్రమ, పెడన కలంకారీ చేతిపనికి మార్కెట్ వెతకడంలోని చిక్కులను తెలుపుతాయి. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైన ఆంధ్రా బ్యాంకు చరిత్ర, స్థానిక మూలధనంతో పుట్టిన సంస్థ జాతీయ వ్యవస్థలో కలిసిన క్రమానికి ఒక పూర్తి కేసు.

ఫీజులు, ప్రభుత్వ సాయం

కన్వీనరు కోటా ఫీజులను ఉన్నత విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ సిఫారసు మీద ప్రభుత్వం ఖరారు చేస్తూ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల తొలితరం పట్టభద్రులు ఎక్కువగా వృత్తివిద్యలోకి వచ్చారు. 2020 డిసెంబరు 25 నాటి జీవో 77 ప్రైవేటు కళాశాలల్లో కొత్తగా చేరే పీజీ విద్యార్థులను ఫీజు, వసతి సాయమిచ్చే విద్యా దీవెన, వసతి దీవెన పథకాల నుంచి తప్పించింది. విశ్వవిద్యాలయ, ప్రభుత్వ కళాశాలల వారికి సాయం కొనసాగింది. విద్యార్థి సంఘాలు ఆ జీవో రద్దు కోరుతూ ఆందోళన చేశాయి. ఈ ఉత్తర్వుతో ర్యాంకు అర్థం కూడా కొంత మారింది. మంచి ర్యాంకు అంటే మంచి కళాశాల మాత్రమే కాదు, విశ్వవిద్యాలయ ప్రాంగణంలో సీటు దొరికితే ఫీజు సాయం కూడా అయింది.

విమర్శలు, సమాధానాలు

మొదటి విమర్శ: అర్హత గీతను పెంచితే నాణ్యత పెరుగుతుంది. గీత పెంచితే తరగతి చిన్నదవుతుందనడం నిజమే. అయితే ఐసెట్ కొలిచేవి అంకగణితం, తర్కం, ఇంగ్లీషు వ్యాకరణం. వాటిలో వెనకబడినవారిని ఆపడం వల్ల ప్రాజెక్టులు నిజాయితీగా జరగవు, అధ్యాపకుల సంఖ్య పెరగదు. ఆగిపోయేది ఎక్కువగా గ్రామీణ తెలుగు మాధ్యమ విద్యార్థులు.

రెండవ విమర్శ: ఐఐఎంల మాదిరిగా ఇంటర్వ్యూ పెట్టాలి. ఇంటర్వ్యూ పట్టుదల, మాటతీరు వంటి గుణాలను కొంతవరకు చూపగలదు. కాని ఎవరిని తీసుకోవాలన్న విచక్షణ కళాశాల చేతికి ఇచ్చినప్పుడు ఏమి జరిగిందో 1983 చట్టానికి ముందరి చరిత్ర చెబుతుంది. ర్యాంకు మొరటు కొలతే అయినా అందరికీ కనబడే కొలత. తనకన్నా వెనక ర్యాంకు వారికి అదే వర్గంలో సీటు వస్తే అభ్యర్థి ప్రశ్నించగలడు. ఇంటర్వ్యూ మార్కులను అలా ప్రశ్నించడం కష్టం.

మూడవ విమర్శ అన్నిటికన్నా బలమైనది: ర్యాంకు ఎంపిక చేయదంటే, మంచి ర్యాంకు వారు చేరిన కళాశాలల్లోనే ప్రాంగణ నియామకాలు ఎందుకు ఎక్కువ? చురుకైనవారు ఒకచోట చేరినప్పుడు కంపెనీలు అక్కడికే వస్తాయి. ఈ ప్రభావం ఉంది, దాన్ని కాదనలేం. అయితే అది వర్తించేది జాబితా పైభాగానికి. అర్హులైన వేలమందిలో అత్యధికులు చేరేది సాధారణ కళాశాలల్లో. అక్కడి విద్యార్థి భవిష్యత్తును 9,000వ ర్యాంకుకు, 15,000వ ర్యాంకుకు ఉన్న తేడా నిర్ణయించదు. ఇంటర్న్‌షిప్ జరిగిందా, లెక్క చదవడం వచ్చిందా, నలుగురి ముందు మాట్లాడగలడా అన్నవి నిర్ణయిస్తాయి.

నాలుగవది: పట్టభద్రులు హైదరాబాదు, బెంగళూరు వెళ్తారు కాబట్టి స్థానిక వ్యాపార అధ్యయనం వృథా. చేపల చెరువు అప్పును విశ్లేషించినవాడు బెంగళూరులో బ్యాంకు రుణాన్నీ విశ్లేషించగలడు. పద్ధతి వెంట వస్తుంది. అదీగాక, నడిచి వెళ్లి అడగగలిగే వ్యాపారం లేకపోతే మిగిలేది వెబ్‌సైటు నుంచి ఎత్తి రాసిన ప్రాజెక్టే.

ప్రాముఖ్యం, మారుతున్న పరిస్థితి

నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ తరువాత ఏడాది పీజీకి 2020 జాతీయ విద్యావిధానం అవకాశం ఇచ్చింది. 2024–25 నుంచి బీబీఏ కూడా సాంకేతిక విద్యామండలి పరిధిలోకి వచ్చింది. 2015లో ప్రారంభమైన విశాఖపట్నం ఐఐఎం రాష్ట్రంలోనే మరో మార్గం తెరిచింది. ఈ మార్పులు ప్రవేశ మార్గాలను పెంచుతాయి గాని, పైన చెప్పిన విభజనను చెరపవు. ఐసెట్ తనకు అప్పగించిన పనిని, అంటే సీట్లను బహిరంగంగా, వరుస తప్పకుండా పంచడాన్ని నెరవేరుస్తోంది. నిర్వాహకుణ్ని తయారుచేసే పని దానికి ఎన్నడూ అప్పగించలేదు. కాబట్టి ఒక కళాశాలను అంచనా వేసేవారు చివరి ర్యాంకుతోపాటు, గత ఏడాది ప్రాజెక్టు నివేదికలు ఏ సంస్థల్లో, ఎవరి లెక్కల మీద తయారయ్యాయో కూడా చూడవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

ఐసెట్, ఎంకాం, పీజీడీఎం, ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం, కృష్ణా విశ్వవిద్యాలయం, క్యాపిటేషన్ ఫీజు, ఫీజు రీయింబర్స్‌మెంట్, రాష్ట్రపతి ఉత్తర్వు (1974), ఆంధ్రా బ్యాంకు, ఆటోనగర్.